లేదుగారి నాలుగు లైసెన్సులు

ఆఫీసులో అతన్ని లేదుగారు అనేవాళ్ళు. వెనకాలే అనేవాళ్ళు, కానీ ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి నొచ్చుకోకపోగా లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా. పుట్టినప్పుడు పెట్టే పేరు పెద్దవాళ్ళ ముచ్చట కోసం పెట్టేది. ఇది అలా కాదు, తను కష్టపడి తెచ్చుకున్నది.

అది కళ్ళద్దాలకు లెన్సులు తయారుచేసే కంపెనీ. షాపుల నుంచి ఆర్డర్లు వస్తాయి, ఫలానా మనిషికి కుడికంటికి ఇంత పవర్, ఎడమకంటికి ఇంత అని. ఆ అంకెల్ని బట్టి లెన్సు బిళ్ళ ఏ వంపున అరగాలో కంప్యూటర్ లెక్కగడుతుంది, కింది అంతస్తులో యంత్రాలు జుయ్యిమంటూ అరగదీస్తాయి. కంపెనీ అతని బావది. జమాఖర్చుల విభాగం అతని అక్కది. మెట్ల పక్కన కిటికీ లేని చల్లటి గది ఒకటుంది, అది అతనిది. ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకుని అందులో కూర్చునేవాడు. ఎదురుగా రెండు సర్వర్లు పగలూ రాత్రీ తేడా లేకుండా ఊపిరి తీస్తూ ఉండేవి.

సర్వర్ అంటే పెద్ద కంప్యూటర్. దానిలో వేసిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఆ ఒక్క కంప్యూటర్నీ తడికలు కట్టినట్టు వాటాలు చేసి చాలా కంప్యూటర్లుగా చూపించడం దాని పని. ఒక్కో వాటాని వర్చువల్ మెషిన్ అంటారు, ఆఫీసువాళ్ళు ముద్దుగా మెషిన్ అని ఊరుకుంటారు. విచిత్రమేమిటంటే, ఏ వాటాలో ఉన్న మెషిన్ ఆ ఇల్లంతా తనదే అనుకుంటుంది. పక్కన ఇంకొకటి కాపురముంటోందని దానికి తెలీదు. తన మనసు కూడా ఇలాంటిదేనని అతనికి అప్పుడప్పుడూ అనిపించేది. ఆఫీసులో ఉండేది ఒకడు, ఇంట్లో ఉండేది ఒకడు, ఒకడి సంగతి ఇంకొకడికి పట్టదు.

సాఫ్ట్‌వేర్ కొన్న కొత్తలో కంపెనీలో నాలుగు పాత కంప్యూటర్లు ఉండేవి. ఆర్డర్లకొకటి, లెన్సు లెక్కలకొకటి, జమాఖర్చులకొకటి, లేబుళ్ళు అచ్చు వేయడానికొకటి. బావ కొన్న లైసెన్సులు కూడా నాలుగే. లేదుగారు ఆ నాలుగు కంప్యూటర్లనీ నాలుగు మెషిన్లుగా మార్చి సర్వర్ల మీదికి ఎక్కించాడు. మెషిన్‌కొక లైసెన్సు, లెక్క అచ్చంగా సరిపోయింది. సరిపోయిన లెక్కని ఎవరూ మళ్ళీ విప్పి చూడరు. అతనూ చూడలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది అతని రాజ్యం. కొత్త మెషిన్ కావాలని ఎవరొచ్చినా తలుపు దగ్గరే నిలబెట్టి వినేవాడు. శ్రద్ధగా వినేవాడు, మధ్యలో మాట తుంచేవాడు కాదు. అంతా అయ్యాక, గొంతులో నిజమైన సానుభూతితో, లేదండీ అనేవాడు. నాలుగున్నాయి, నాలుగూ నిండాయి, నాదేముంది, లైసెన్సు ఒప్పుకోదు. ఆ చివరి మాట అంటున్నప్పుడు అతని వెన్ను నిటారుగా అయ్యేది. అవతలి మనిషి మొహం చిన్నబోయేది, కానీ కోపం అతని మీద ఉండేది కాదు. ఎక్కడో కనపడని లైసెన్సు మీద ఉండేది. ఒకరి ఆశ మీద నీళ్ళు చల్లి కూడా మంచివాడిగా మిగిలిపోవడం లోకంలో చాలా కొద్దిమందికే దక్కుతుంది.

ఎందుకంటే ఆ గది బయట అతను ఎవరికీ ఏదీ కాదనలేడు. అక్కావాళ్ళ ఇంటి మేడమీద గదిలో ఉండేవాడు. పెళ్ళి కాలేదు. వద్దనుకుని కాదు, కావాలని గట్టిగా అనకపోవడం వల్ల. మంగలి ఇంకొంచెం తగ్గించమంటారా అంటే సరేననేవాడు, అద్దంలో చూసుకుని నెలరోజులు టోపీ పెట్టుకునేవాడు. ఉతికితే దగ్గరపడుతుందని బట్టల షాపువాడు అంటగట్టిన చొక్కాలు, ఉతికినా దగ్గరపడనివి, అతనికి చాలా ఉన్నాయి. బావ ఏది చెప్పినా అతని నోటివెంట ఒకటే మాట, అలాగేనండీ. ఆ మాట పుట్టేది గుండెలో కాదు, బుర్రలోనూ కాదు. పెదాల మీదే పుట్టి, అతనికంటే ముందే బయటికి వచ్చేసేది.

లేదుగారి దగ్గరికి ఎక్కువసార్లు వచ్చి ఉత్తచేతులతో వెళ్ళింది లెన్సుల డిజైనర్. ఆవిడకి ఒక కంటికి చాలా పవర్, ఇంకో కంటికి దాదాపు ఏమీ లేదు. అలాంటివాళ్ళు మామూలు కళ్ళద్దాలు పెట్టుకుంటే ఒక్కో కంటికి లోకం ఒక్కో సైజులో కనపడుతుంది, మెట్లు దిగాలంటే తల తిరుగుతుంది. ఆ తేడాని తగ్గించే కొత్త వంపు ఒకటి ఆవిడ కనిపెట్టే పనిలో ఉంది. లెక్కలు పెద్దవి. అసలు మెషిన్ మీద ప్రయోగాలు చేస్తే ఆర్డర్లు ఆగిపోతాయి, అందుకని తన ల్యాప్‌టాప్ మీదే చేసుకుంటూ ఉండేది. అది పెనంలా కాలిపోయేది. దాని కింద రెండు పెన్సిళ్ళు పెట్టి గాలి ఆడనిచ్చేది. ఒక ప్రయోగ మెషిన్ ఇప్పించండి అని అడిగినప్పుడల్లా లేదుగారు ఆవిడ మీద మిగతావాళ్ళకంటే ఎక్కువ జాలిపడేవాడు. ఇచ్చింది మాత్రం జాలే.

*

సాఫ్ట్‌వేర్ ఒప్పందం గడువు దగ్గరపడిందని అమ్మిన కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. చలాకీ మనిషి, చేతిలో సంచీ, మొహాన నవ్వు. బావ గదిలో అందరూ కూర్చున్నారు. ప్రయోగాల సంగతి కూడా మాట్లాడాలని డిజైనర్‌ని బావే పిలిపించాడు. మాటల మధ్యలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవిడ, ఎన్ని మెషిన్లు నడుపుతున్నారని అడిగింది.

నాలుగండీ, అన్నాడు లేదుగారు. ఒక్కటి కూడా ఎక్కువ కాదన్న నిజాయితీ ఆ గొంతులో ఉంది.

ఆవిడ నలభయ్యా అని అడిగింది. కాదని నాలుగు వేళ్ళు చూపించాడు. ఇంత పెద్ద సర్వర్లు రెండు పెట్టుకుని నాలుగేనా అని ఆవిడ మళ్ళీ అడిగింది. కొన్న లైసెన్సులు నాలుగే కదండీ అన్నాడతను. ఆవిడ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మెల్లగా నవ్వడం మానేశాయి.

"మేం మెషిన్లు లెక్కపెట్టమండీ," అంది ఆవిడ, చాలా మర్యాదగా. "ఇంట్లో ఎంతమంది తింటున్నారని అడగం. పొయ్యిలెన్ని అని అడుగుతాం. అంతే."

పొయ్యి అంటే ప్రాసెసర్. సర్వర్‌లో కూర్చుని నిజంగా పని వండే ముక్క. ఒక్కో సర్వర్‌లో రెండున్నాయి, రెండు సర్వర్లకి కలిపి నాలుగు, అందుకే నాలుగు లైసెన్సులు. ఆ పొయ్యిల మీద నలుగురికి వండుకుంటారో నలభైమందికి వండుకుంటారో మీ ఇష్టం, మాకు సంబంధం లేదంది. ఒక్కో ప్రాసెసర్‌లో కోర్లని ఉంటాయట, పొయ్యి మీది బర్నర్లలాగా. ముప్పైరెండు బర్నర్లు దాటితే మాత్రం ఆ ఒక్క పొయ్యినీ రెండుగా లెక్కేస్తారు. మీవాటికి పదహారే, కాబట్టి దానికొకటి చాలు.

బావకి బేరం వాసన తగిలింది. పదహారే ఉంటే సగం తగ్గించరా అని అడిగాడు. తగ్గించమండీ, ఒక్క బర్నరున్నా పొయ్యి పొయ్యే, అంది ఆవిడ. మరి పొయ్యి పెట్టే చోటు ఉండి, పొయ్యి లేకపోతే? ఖాళీ చోటుకి లైసెన్సు అక్కర్లేదండీ, అంది. బావ గడ్డం గోక్కున్నాడు.

లేదుగారికి ఇవేవీ వినపడటం లేదు. గదిలో గాలి తీసేసినట్టయింది అతనికి. అక్క అతనివైపు చూసింది, చిన్నప్పుడు అతను చొక్కా తిరగేసి వేసుకుని బడికి వెళ్ళినప్పుడు చూసినట్టు. డిజైనర్ అసలు చూడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. మురికేమీ లేని అద్దాలని అంతసేపు తుడిచే మనిషి ఏమనుకుంటోందో ఊహించడం అతనికి కష్టం కాలేదు.

బావ ఒక్కడే హాయిగా నవ్వాడు. "ఏమోయ్ బావమరిదీ, ఖాళీ బస్సుకి అడ్డంగా నిలబడి సీట్లు లేవన్నావుటయ్యా ఇన్నాళ్ళూ."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మనిషి పప్పులో కాలేసినప్పుడు నవ్వే నవ్వు అది, కాలు ఇంకా బయటికి తీయకుండానే నవ్వేది.

*

ఆ తరవాత రోజులు తిరనాళ్ళలా గడిచాయి. తలుపు దగ్గర ఇప్పుడు మొహాలు చిన్నబోవడం లేదు. అక్క కొత్త జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ సరిచూసుకోవడానికి ఒక మెషిన్ అడిగింది, ఇచ్చాడు. స్టోర్‌కీపర్ అడిగాడు, ఇచ్చాడు. ప్యాకింగ్‌లో పనిచేసే పెద్దాయన, అందరూ తీసుకుంటున్నారు కదా నాకూ ఒకటి పడేయండి అన్నాడు. దేనికో ఆయనకీ తెలీదు, ఇతనూ అడగలేదు. చివరికి బావ కూడా ఫోన్ చేసి తనకొకటి పెట్టమన్నాడు. ఏం పనికండీ అంటే, ఉండనీ అన్నాడు. ఆ మెషిన్‌కి ఏం పేరు పెట్టాలో తోచక లేదుగారు 'ఉండనీ' అనే పెట్టాడు. బావ రోజూ పొద్దున ఒకసారి దాన్ని తెరిచి, ఉందని చూసుకుని, మూసేవాడు.

ఇస్తున్నకొద్దీ అతను లోపల చిక్కిపోతున్నాడు. ఇన్నేళ్ళూ తనకి ఒక వెన్నెముక ఉందనుకున్నాడు, తీరా చూస్తే అది అరువు తెచ్చుకున్నది. ఆ అరువు కూడా అచ్చులో లేనిది, తను ఊహించుకున్నది. మేడమీద గదిలో ఒంటరిగా కూర్చుని ఈ సంగతిని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. లైసెన్సుని ఎందుకు ఒక్కసారి కూడా చదవలేదు? బద్ధకం కాదు. అతను ప్రతి సామాను తోటీ వచ్చే కాగితాన్ని చివరిదాకా చదివే రకం. చదవకపోవడానికి కారణం భయం అయుండాలి. చదివితే అందులో లేదు అని రాసి ఉండదేమోనన్న భయం.

డిజైనర్ మాత్రం రాలేదు. అందరూ వచ్చి వెళ్ళాక కూడా రాలేదు. చివరికి అతనే ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తలుపు దగ్గర నిలబెట్టినవాడికి ఎదుటి మనిషి బల్ల దగ్గర నిలబడటం ఎంత బరువుగా ఉంటుందో తెలిసింది.

ఆవిడ తల ఎత్తి, ఏవండీ, ఇప్పుడు ఉందా, అంది. ఉందన్నాడు. ఎంత పెద్దది ఇస్తారని అడిగింది. అడిగినంతా అన్నాడు. ఆవిడ కొంచెంసేపు ల్యాప్‌టాప్ కింది పెన్సిళ్ళని సర్దింది.

"ఈ లెక్క మొదలుపెడితే మధ్యలో ఆపకూడదండీ. ఆపితే మొదటికొస్తుంది. తరవాత ఎవరో ఏదో అన్నారని తీసేయనని చెప్పగలరా?"

అలాగేనండీ, అన్నాడు. ఎప్పటిలాగే, పెదాల మీంచి.

రెండో సర్వర్‌లో ఉన్న జాగాలో చాలావరకు ఆ మెషిన్‌కే పోయింది. మొదటిరోజే ప్రాసెసర్లు రెండూ వేడెక్కాయి, ఫ్యాన్ల మోత పెరిగింది. అన్నేళ్ళ తరవాత ఆ సర్వర్ నిజంగా ఒళ్ళు వంచి పనిచేయడం అతనికి వినపడింది. స్వెట్టర్ విప్పి కుర్చీకి తగిలించాడు.

*

బావకి ఆలోచన వచ్చింది భోజనాల దగ్గర. కంపెనీ గేటు మీద మనిషెత్తు కళ్ళజోడు ఒకటి పెట్టించాలని ఆయనకి ఎప్పట్నుంచో కోరిక. ఫైబర్‌తో చేసి, లోపల లైట్లు పెడితే, రోడ్డు మలుపు నుంచే కనపడుతుందట. అక్క ఎప్పుడూ దాన్ని సాగనివ్వలేదు, ఖర్చు ఎక్కణ్ణుంచి తెస్తారని. ఆ పూట బావ తడివేలితో బల్ల మీద నాలుగు చదరాలు గీసి, ఒకటి చెరిపేశాడు.

"నాలుగు పొయ్యిలెందుకోయ్ మనకి? ఒకటి పీకెయ్. ఖాళీ చోటుకి లైసెన్సు అక్కర్లేదని ఆ అమ్మాయే అంది కదా. మిగిలిందాంతో కళ్ళజోడు."

లేదుగారు నీళ్ళు నమిలాడు. సర్వర్‌లో మెమరీ పలకలు కొన్ని ఈ ప్రాసెసర్ పక్కన, కొన్ని ఆ ప్రాసెసర్ పక్కన ఉంటాయని, ఏవి ఎవరి పక్కనుంటే అవి వాళ్ళ మాటే వింటాయని, ఒక ప్రాసెసర్ తీసేస్తే దాని పక్కవన్నీ మూగబోతాయని, ఇటువైపు అరలన్నీ ఇప్పటికే నిండాయి కాబట్టి వాటిని ఇటు తెచ్చి పెట్టడం కూడా కుదరదని వివరించాడు. పొయ్యితోపాటు సగం వంటిల్లు పోతుందన్నమాట.

బావ ఓపిగ్గా విన్నాడు. విని, పోతే పోనీ, అన్నాడు. నాలుగంటే నాలుగు మెషిన్లతో ఇన్నేళ్ళు కంపెనీని నడిపిన మొనగాడివి నువ్వే కదా, అప్పుడు సగమేమిటి, మూడొంతులు ఖాళీగానే పడుంది కదా, అప్పుడు లేని అవసరం ఇప్పుడెక్కడ పుట్టుకొచ్చిందన్నాడు.

లేదుగారి పొరపాటునే తీసుకొచ్చి సాక్ష్యంగా నిలబెట్టాడు బావ. అది నూటికి నూరుపాళ్ళు అతనికి వ్యతిరేకంగానే చెప్పింది.

రేపే కానిచ్చెయ్, అన్నాడు బావ.

అలాగేనండీ, అన్నాడు లేదుగారు. ఆ మాట బయటికెళ్ళి బల్ల మీద కూర్చున్నాక చూసుకున్నాడు దాన్ని. రెండు అలాగేలు ఒకదాని పక్కన ఒకటి, ఒకటి డిజైనర్‌కి ఇచ్చింది, ఒకటి బావకి ఇచ్చింది. రెండూ ఒక్క సర్వర్‌లో ఇమడవు.

*

మర్నాడు పొద్దున్నే అతను చేసిన మొదటి పని లైసెన్సు ఒప్పందం చదవడం. స్క్రూడ్రైవర్ని బల్ల మీద పెట్టి, మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాడు. ఎక్కడో ఒకచోట ప్రాసెసర్‌ని తీయరాదు అని ఉండకపోతుందా అని వెతికాడు. పేజీ తరవాత పేజీ తిప్పాడు. ఎక్కడ చూసినా మీరు చేయవచ్చును, మీకు హక్కు గలదు, మీ ఇష్టము. ఇంత దయగల కాగితాన్ని అతను జన్మలో చూడలేదు. దాన్ని ఇన్నేళ్ళు కర్కోటకుడిగా ఊరంతా చాటినందుకు సిగ్గేసింది.

అయినా ఆశ చావక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవిడకి ఫోన్ చేశాడు. ఒప్పందం మధ్యలో ప్రాసెసర్ తీస్తే ఏమన్నా అభ్యంతరం ఉంటుందాండీ అన్నాడు. లేదండీ, అంది ఆవిడ. జరిమానా లాంటిదేమైనా? లేదండీ. పోనీ ముందుగా మీ అనుమతి తీసుకోవాలనైనా ఉంటుందేమో చూడండి అన్నాడు, గొంతులో దాదాపు బతిమాలుతున్నట్టు.

"మీ ప్రాసెసర్ అండీ అది. ఉంచుకుంటారో పీక్కుంటారో మీ ఇష్టం," అని నవ్వింది ఆవిడ. "మీరేదో నన్ను వద్దనమన్నట్టు అడుగుతున్నారు."

సర్వర్ తయారుచేసినవాళ్ళకి కూడా ఫోన్ చేశాడు. వాళ్ళూ, మొదటి చోట్లో ఒకటుంటే చాలండీ, రెండోది లేకపోయినా లేస్తుంది, ఖాళీ చోటుకి మూత పెట్టుకోండి అన్నారు. మూత ఎలా పెట్టాలో కూడా చెప్పారు.

ఇక మిగిలింది అతనొక్కడే. ఆ ఆలోచన వచ్చేసరికి గదిలో ఇంకెవరో ఉన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఇంతకాలం తను లేదు అన్నప్పుడల్లా వెనక ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడనుకున్నాడు. ఆ చోటే ఇప్పుడు ఖాళీ. పైగా ఆ పెద్దమనిషి లేచి వెళ్ళి బావ పక్కన కూర్చున్నాడు. ప్రాసెసర్ తీయాలంటే సర్వర్ని ఆపాలి, ఆర్డర్లు నడిచే మొదటిదాన్ని ఆపడానికి లేదు, కాబట్టి రెండోదాని మీదున్న చిన్న మెషిన్లన్నిటినీ మొదటి సర్వర్ మీదికి జరిపాడు, అవి పోట్లాడకుండా సర్దుకున్నాయి. డిజైనర్ మెషిన్ మాత్రం అక్కడ పట్టదు, దాన్ని ఆపాల్సిందే. ఆపే బొమ్మ మీద మౌస్ బాణం నిలబెట్టాడు. తెర మీద లెక్క సగం దాటినట్టు చిన్న గీత ఒకటి మెల్లగా పాకుతోంది. వేలు నొక్కమంటే నొక్కలేదు. అతని ఒంట్లో అతని మాట వినని భాగం పెదాలొక్కటే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

తలుపు తోసుకుని బావ వచ్చాడు. ప్రాసెసర్ అంటే ఎంతుంటుందో చూద్దామని వచ్చాడట. అరచేయి చాపి, ఏదీ, అన్నాడు.

తీయలేదండీ, అన్నాడు లేదుగారు.

కుదరలేదా అని అడిగాడు బావ. కుదురుతుందన్నాడు. లైసెన్సు వద్దందా? వద్దనలేదండీ. మరి సర్వరువాళ్ళు? వాళ్ళూ వద్దనలేదు, మూత పెట్టుకోమన్నారు. బావ చాపిన చేయి అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక చల్లగా ఉందంటూ రెండు చేతులూ రుద్దుకున్నాడు.

"మరి?"

"నేను తీయనండీ."

మాట చాలా చిన్నగా వచ్చింది. ఫ్యాన్ల మోతలో వినపడిందో లేదోనని అతనికే అనుమానం వచ్చి, ఇంకోసారి అన్నాడు. రెండోసారి కాస్త పెద్దగా వచ్చి ఇద్దర్నీ కంగారుపెట్టింది.

బావ అతన్ని ఎగాదిగా చూశాడు. ఆయన కళ్ళ వ్యాపారంలో పెద్దవాడైన మనిషి, ఎదుటివాడి చూపు ఎంత దూరం ఆనుతుందో పసిగట్టగలడు. రాత్రి అలాగే అన్నావుగా అన్నాడు. నేనెప్పుడూ అలాగే అంటానండీ, అన్నాడు లేదుగారు, నిజాయితీగా. అందులో వెటకారమేమీ లేదు, కానీ బావకి నవ్వొచ్చింది, దాన్ని బలవంతాన మింగేశాడు. నవ్వితే ఓడిపోయినట్టవుతుంది.

ఇంతలో అక్క ఫోన్ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవిడ లైన్‌లో ఉందట, కొత్త ఒప్పందం నాలుగు ప్రాసెసర్లకా మూడింటికా అని అడుగుతోందట. అని ఇద్దరి మొహాలూ చూసి, ఫోన్‌ని అరచేత్తో మూసింది.

బావ గొంతు తగ్గించాడు. బావమరిది భుజం మీద చేయి వేసి ఒక మూలకి తీసుకెళ్ళాడు. ఆ గదిలో మూల అంటే అడుగు దూరం.

"చూడవోయ్. మీ అక్క ముందు నన్నిలా నిలబెట్టకు. ఏదో ఒక కారణం చెప్పు, అబద్ధమైనా సరే. లైసెన్సు ఒప్పుకోదను. నేను సరే అనేసి వెళ్ళిపోతాను."

లేదుగారికి ఒక్క క్షణం గుండె తేలికైంది. పోయిన పెద్దమనిషిని బావే చేయి పట్టుకుని తీసుకొచ్చి మళ్ళీ తన వెనక నిలబెడుతున్నాడు. నాదేముందండీ, లైసెన్సు ఒప్పుకోదు. అంటే అయిపోతుంది. బావ పరువు దక్కుతుంది, ప్రాసెసర్ దక్కుతుంది, రాత్రి భోజనం దగ్గర ఎవరూ మొహం ముడుచుకోరు. వెన్నెముక అరువుదైతేనేం, నిలబెడుతుంది కదా. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. అక్కడ దాన్ని పట్టుకుని చూశాడు. బావకి కూడా కాదనడానికి ఒక కాగితం కావాలా అనిపించింది. కంపెనీ యజమాని, మనిషెత్తు కళ్ళజోడు పెట్టించాలనుకుంటున్న మనిషి, తన బావమరిది వద్దన్నాడని ఆగలేడు. ఎవరో వద్దన్నారని అయితే ఆగగలడు. ఇన్నేళ్ళలో మొదటిసారి అతనికి బావ మీద ప్రేమలాంటిదేదో కలిగింది.

"ఒప్పుకుంటుందండీ లైసెన్సు," అన్నాడు. "ఆ డిజైనర్‌కి మాటిచ్చాను. అందుకని నేనే ఒప్పుకోవడం లేదు."

అక్క మూసిన ఫోన్‌లోంచి, హలో, ఉన్నారాండీ, అని సన్నగా వినపడింది.

బావ అక్కవైపు తిరిగి, నాలుగని చెప్పు, మీ తమ్ముడు పెద్దవాడయ్యాడు, అన్నాడు. అని విసురుగా బయటికి వెళ్ళబోయి, తలుపు అటు తెరుచుకుంటుందో ఇటు తెరుచుకుంటుందో మర్చిపోయి రెండుసార్లు తోశాడు. అక్క ఫోన్‌లో నాలుగండీ అని చెప్పి, తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసి, ఒరేయ్, ఒంట్లో బాగానే ఉందా నీకు, అంది. అతను బాగానే ఉందన్నాడు. బల్ల మీది స్క్రూడ్రైవర్ని తీసి సొరుగులో పెట్టాడు.

రెండు రోజులు బావ అతనితో సూటిగా మాట్లాడలేదు. ఎదురుగా కూర్చుని కూడా అక్క ద్వారానే మాట్లాడేవాడు, మీ తమ్ముణ్ణి ఆ గిన్నె ఇటు జరపమను అని. గిన్నె అతని చేతికి జానెడు దూరంలో ఉండేది. అతను జరిపేవాడు. మూడోనాడు బావకే విసుగు పుట్టింది, మధ్యలో అక్క లేనప్పుడు నేరుగా తిట్టాడు. తిట్టాడంటే అలక తీరిందన్నమాటే.

*

డిజైనర్ ఈసారి పిలవకుండానే వచ్చింది. లెక్క ఎక్కడా ఆగకుండా పూర్తయిందట. ఆ వంపుతో మొదటి జత కింద అరగదీయించి, తనే పెట్టుకుని వచ్చింది. మెట్లు రెండుసార్లు దిగి ఎక్కానంది, దేన్నీ పట్టుకోకుండా. అతను ఆవిడ కళ్ళవైపు చూశాడు. ఇదివరకు ఒక కన్ను పెద్దగా, ఒకటి చిన్నగా కనపడేవి, ఇప్పుడు రెండూ ఒక్కలాగే తనని నిలదీస్తున్నాయి. అభినందించాలని అనుకున్నాడు కానీ ఎలా మొదలుపెట్టాలో తోచలేదు.

ఈలోపు ఆవిడే అసలు సంగతికి వచ్చింది. ఇది ఒక జత మాత్రమే. రకరకాల పవర్లకి ఇలాంటివి వందల కొద్దీ లెక్కలు వేయాలి, అన్నీ ఒకేసారి నడవాలంటే ఇప్పుడున్న మెషిన్ చాలదు, దీనికి రెండింతలు కావాలి. ఎలాగూ లైసెన్సు అడ్డం లేదు కదా అంది.

లైసెన్సు అడ్డం లేదు. అతను తెర వైపు తిరిగి చూశాడు. రెండింతలిస్తే మిగతావాటికి ఊపిరాడదు. ఆర్డర్లు నత్తనడక నడుస్తాయి, లేబుళ్ళు ఆగుతాయి, షాపుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. మళ్ళీ ఆవిడవైపు తిరిగాడు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని వెతుక్కోలేదు.

ఇవ్వనండీ, అన్నాడు.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. ఎందుకివ్వరంది.

ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. లైసెన్సు ఒప్పుకోదన్నప్పుడు ఎందుకని ఎవరడుగుతారు? ఇప్పుడు ఆవిడ తలుపు దగ్గర నిలబడి జవాబు కోసం చూస్తోంది. అతను ఇంకో కుర్చీ లాగి, దాని మీదున్న కేబుళ్ళు కింద పడేసి, కూర్చోమన్నాడు. ఏ మెషిన్ ఎంత తింటోందో తెర మీద చూపించాడు. ఆవిడ ఒప్పుకోలేదు. లేబుళ్ళ మెషిన్‌కి అంత జాగా ఎందుకంది. అతను ఒక కారణం చెప్పాడు, ఆవిడ దాన్ని కొట్టిపారేసింది. మరోటి చెప్పాడు, అది నిలబడింది. ఉండనీ అంటే ఏమిటి అని అడిగింది, అతను మా బావగారిది అన్నాడు, అదెందుకు ఉంది అంది, ఉండనీ అన్నారండీ అన్నాడు. భోజనం వేళ దాటిపోయింది. ఇద్దరి గొంతులూ పెరిగి, మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూస్తున్నారు, లేదుగారు ఇంతసేపు మాట్లాడగలడని ఎవరికీ తెలియదు. చివరికి అదనంగా అడిగినదాంట్లో సగం ఇస్తానన్నాడు. ఆవిడ ముప్పావు అంది.